హ్యూస్టన్‌లో హరికేన్ వస్తే కరెంటు బిల్లు వేలల్లోకి పోతుందా?

జూన్ 1న హరికేన్ సీజన్ మొదలవుతుంది. ఇక నవంబరు 30 దాకా హ్యూస్టన్ చుట్టుపక్కల మనవాళ్లు నలుగురు కలిస్తే రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, ‘ఈసారి పెద్దది మనవైపే వస్తుందట’. రెండోది, ‘టెక్సాస్ గ్రిడ్ మళ్లీ కూలుతుందట, బిల్లు వేలల్లో వస్తుందట’. కేటీలోనో షుగర్‌ల్యాండ్‌లోనో కొత్తగా దిగినవాళ్లు ఇవి విని, కరెంటు ప్లాన్ మార్చుకోవాలా అని అడుగుతుంటారు. అసలు ఈ రెండు భయాలనీ ఒకే గాటన కట్టకూడదు.

ముందు మ్యాపుల సంగతి చూద్దాం. వాతావరణమంటే పిచ్చి ఉన్నవాళ్లు ఇక్కడ చాలామంది. వాళ్లకు తెలిసింది తక్కువేం కాదు గానీ, ఓపికే తక్కువ. వాతావరణాన్ని అంచనా వేసే కంప్యూటర్ మోడల్, అమెరికా వాళ్ల జీఎఫ్ఎస్, రోజుకు నాలుగుసార్లు నడుస్తుంది, 16 రోజుల ముందు వరకూ బొమ్మ గీస్తుంది. పన్నెండు రోజుల తర్వాతి బొమ్మలో మన పక్కనే తీరంలో ఉన్న గాల్వెస్టన్ మీద ఎర్రటి సుడి కనిపిస్తే ఆ బొమ్మ ఊరంతా తిరుగుతుంది. ఆరు గంటల తర్వాత అదే మోడల్ దాన్ని ఫ్లోరిడాకు పంపేస్తుంది, ఆ బొమ్మ మాత్రం ఎవరూ పంపరు. మీరు నేషనల్ హరికేన్ సెంటర్ పేజీ ఒక్కటి చూడండి చాలు. అందులో తెల్లటి కోన్ తుఫాను కేంద్రం ఎటు పోవచ్చో చెబుతుంది, అంతే. మూడింట రెండొంతుల సార్లు కేంద్రం ఆ కోన్‌లోనే ఉంటుంది. మీ ఇల్లు కోన్ బయట ఉన్నంత మాత్రాన గాలీ వానా రావని కాదు.

హరికేన్‌కు 1 నుంచి 5 దాకా ఇచ్చే కేటగిరీ నంబరును కూడా పూర్తిగా నమ్మకండి. అది గాలి వేగం లెక్క మాత్రమే. 2017లో హార్వీ హరికేన్ బలహీనపడి ట్రాపికల్ స్టార్మ్ అయ్యాక కూడా కదలకుండా కూర్చుని, టెక్సాస్‌లోని నీడర్లాండ్ ఊరి దగ్గర 60 అంగుళాలకు పైగా వాన కురిపించింది. 2024 జులై 8న వచ్చిన బెరిల్ కేటగిరీ 1. దానికే హ్యూస్టన్‌లో కరెంటు తీగలు చూసుకునే సెంటర్‌పాయింట్ కంపెనీ పరిధిలో 22 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది, కొన్ని ఇళ్లకు వారం దాటినా రాలేదు.

ఇక గ్రిడ్. అందరూ చెప్పే కథ 2021 ఫిబ్రవరిది. అప్పుడు చలికి గ్యాస్ సరఫరా, ప్లాంట్లు దెబ్బతిన్నాయి, హీటర్ల వల్ల వాడకం పెరిగింది. టోకు ధర యూనిట్‌కు 9 డాలర్ల గరిష్ఠ పరిమితిని తాకింది. టోకు ధరకు ముడిపడిన ప్లాన్లు ఉన్నవాళ్లకు వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. అలాంటి ప్లాన్లను ఇళ్లకు అమ్మకూడదని అదే ఏడాది రాష్ట్రం చట్టం చేసింది. హరికేన్‌లో జరిగేది దీనికి దాదాపు తలకిందులు. ప్లాంట్లలో కరెంటు ఉంటుంది, స్తంభాలూ తీగలూ పడిపోతాయి. లక్షల ఇళ్లు చీకట్లో ఉంటే వాడకం పడిపోతుంది కాబట్టి టోకు ధర ఎగబాకే కారణం పెద్దగా ఉండదు. మీ వీధిలో చెట్టు పడి కరెంటు పోతే దానికి టెక్సాస్ గ్రిడ్ నడిపే ఎర్‌కాట్‌ను తిట్టి లాభం లేదు.

అలాగని ఖర్చు ఎవరి మీదా పడదని కాదు. అది నెమ్మదిగా వస్తుంది. మీరు ఏ రిటైల్ కంపెనీ దగ్గర కొన్నా, ఇక్కడ తీగలు సెంటర్‌పాయింట్‌వే. డల్లాస్‌లో అయితే ఆన్‌కార్‌వి. బిల్లులో ‘డెలివరీ’ అని ఉండేది వాళ్ల వాటా. తుఫాను మరమ్మతుల ఖర్చు రాష్ట్ర పబ్లిక్ యుటిలిటీ కమిషన్ అనుమతితో అందులోకి చేరుతుంది. 2008లో ఐక్ హరికేన్ వచ్చాక 2009లో బాండ్లు అమ్మి, ఆ సొమ్మును ఏళ్ల తరబడి బిల్లుల్లో వసూలు చేశారు. ఫిక్స్‌డ్ రేట్ ప్లాన్ అయినా డెలివరీ ఛార్జీ మారితే మీ బిల్లూ మారుతుంది. కాబట్టి తుఫాను భయంతో కంపెనీ మారడం వృథా.

ప్లాన్ తీసుకునేటప్పుడు మాత్రం దాని వివరాలుండే ఫ్యాక్ట్స్ లేబుల్ చదవండి. 500, 1000, 2000 యూనిట్లకు సగటు ధరలు పక్కపక్కనే ఉంటాయి. 1000 దగ్గర మాత్రమే చవగ్గా కనిపిస్తే, అది క్రెడిట్ మాయ, అంటే వాడకం అంత చేరితేనే బిల్లులో తగ్గించే సొమ్ము. కాంట్రాక్టు ఆగస్టులో ముగిసేలా పెట్టుకోకండి. ఇల్లు మారుతుంటే కొత్త అడ్రస్ ఆధారం చూపితే మధ్యలో మానుకున్నా జరిమానా ఉండదు. అది తెలియక కట్టేసేవాళ్లున్నారు.

అసలు పెద్ద ఖర్చు వరద. ఇంటి ఇన్సూరెన్స్‌లోనూ, రెంటర్స్ ఇన్సూరెన్స్‌లోనూ మామూలుగా వరద నష్టం ఉండదు. ఫెడరల్ ఫ్లడ్ పాలసీ అద్దెకున్నవాళ్లు కూడా సామాన్ల కోసం లక్ష డాలర్ల దాకా తీసుకోవచ్చు. కానీ మామూలుగా కొన్న 30 రోజులకు గానీ అమల్లోకి రాదు. మ్యాపులో సుడి కనిపించాక ఫోన్ చేస్తే ఆ తుఫానుకు పనికిరాదు. సొంతిల్లు ఉంటే హరికేన్ డిడక్టిబుల్ కూడా చూసుకోండి. 2 శాతం అంటే 4 లక్షల డాలర్లకు ఇన్సూర్ చేసిన ఇంటికి మొదటి 8,000 మీ జేబులోంచే.

జనరేటర్ కొంటే గరాజ్‌లో పెట్టకండి, తలుపు తెరిచి ఉన్నా సరే. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో నడపండి. ఇన్సులిన్ వాడే పెద్దవాళ్లు ఇండియా నుంచి వచ్చి ఉంటే, మందులు చల్లగా ఎక్కడ ఉంచాలో, రెండు రోజుల్లో కరెంటు రాకపోతే ఆస్టిన్‌లోనో శాన్ ఆంటోనియోలోనో ఎవరింటికి వెళ్లాలో జూన్‌లోనే మాట్లాడి పెట్టుకోండి.