కారం మర ఎక్కడ బిగించాలి?

ప్రశ్న: నమస్తే అండీ. మాది సత్తెనపల్లి దగ్గర పల్లె. కారం మర కొంటున్నాం, 10 హెచ్‌పీ మోటారుతో కలిపి 600 కిలోలు. ఇంటి ముందు షెడ్డులో 4 అంగుళాల కాంక్రీటు గచ్చు ఉంది, కింద రేగడి నేల. మేస్త్రీ నాలుగు బొక్కలేసి యాంకర్ బోల్టులు కొట్టేద్దాం అంటున్నాడు. మా బావగారేమో మేడ మీద గది ఖాళీయే కదా, 5 అంగుళాల స్లాబు, ఇనుము కూడా ఉంది, అదే గట్టి అంటున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా వద్దండి. ముందు మేడ సంగతి. ఇళ్లలో గది స్లాబు డిజైన్ చేసేటప్పుడు మనుషులూ సామానూ కలిపి చదరపు మీటరుకి 200 కిలోల లెక్కే పట్టుకుంటారు, కట్టడాల మీద పడే బరువులకి మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 875 కోడ్‌లో ఉన్న లెక్క అది, చిన్న మిషన్లుండే వర్క్‌షాపుకైతే అదే కోడు 500 అడుగుతుంది. మీ మర నిలబడే చోటు మహా అయితే చదరపు మీటరున్నర, అంటే ఆగి ఉన్నప్పుడే 400 పడుతోంది, తిరిగేటప్పుడు ఊపు అదనం. బావగారికి నచ్చజెప్పే పని మాత్రం మీదే.

ఇక గచ్చు. బరువు మోయలేక కాదు, ఆ ఊపుకి తట్టుకోలేక పాడవుతుంది. లోపల సుత్తులు ఒక్కోటి ఒక్కోలా అరిగేకొద్దీ బ్యాలెన్స్ తప్పి వణుకు పెరుగుతుంది. యాంకర్ బోల్టు లోపల విచ్చుకుని పక్కలకి నెట్టి పట్టుకుంటుంది కాబట్టి ఆ వణుక్కి మెల్లగా లూజవుతుంది, గచ్చు అంచుకి దగ్గరగా వేస్తే పెచ్చు కూడా లేస్తుంది. పైగా రేగడి వానకి ఉబ్బి ఎండకి బీటలిచ్చే నేల. ఊపు పెద్దగా లేని లేత్ లాంటిదైతే మందమైన గచ్చు మీద కెమికల్ యాంకర్, అంటే బొక్కలో జిగురు మందు పోసి అతికించే బోల్టు, సరిపోతుంది, కాకపోతే బొక్కలో దుమ్ము బ్రష్షుతో తోమి గాలి కొట్టి తీయాలి, మనవాళ్లు ఎగ్గొట్టేది అక్కడే.

మీకు వేరే బెడ్డు, అంటే మర కింద గచ్చుకి అంటకుండా విడిగా పోసే కాంక్రీటు దిమ్మ, కావాలి. తిరిగే మిషన్‌కి బెడ్డు బరువు కనీసం మూడింతలు ఉండాలని పాత లెక్క, అంటే 1800 కిలోలు. నాలుగడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, పావుతక్కువ రెండడుగుల లోతు పోస్తే దాదాపు 1900 వస్తుంది. గచ్చుని కట్టర్‌తో కోయించండి, సుత్తితో పగలగొట్టిస్తే మిగతాదీ చీలుతుంది. బెడ్డు లోతుకంటే ఇంకో అడుగు తవ్వి రేగడి తీసేసి, గ్రావెల్ పోసి, తడిపి దిమ్మిస కొట్టించండి. చుట్టూ అంగుళం థర్మాకోల్ పెట్టి ఎం20 గ్రేడు కాంక్రీటు, పైనా కిందా ఇనుప జాలీ వేసి పోయండి. ఆ థర్మాకోల్ వల్లే వణుకు గచ్చుకీ గోడలకీ పాకదు. బోల్టులకి బొక్కలు వదిలేసి, మర నిలబెట్టి లెవెల్ చూసుకున్నాక ఆ బొక్కల్లో కుంచించుకుపోని గ్రౌటు, అంటే సందులు నింపే పల్చటి సిమెంటు మిశ్రమం, పోయించండి. బెడ్డు పూర్తిగా గట్టిపడేదాకా, 28 రోజులు, మర తిప్పొద్దు. షెడ్డు గోడల్లో ఇప్పటికే పెద్ద బీటలుంటే మాత్రం పని మొదలెట్టే ముందు ఒక ఇంజినీరుకి చూపించండి.

మేడ గదిలో ప్యాకింగ్ పెట్టుకోవచ్చు, కానీ మిర్చి బస్తాలు గుట్టలు వేయకండి, 40 కిలోల బస్తాలు చదరపు మీటరులో ఐదు పేర్చేసరికే ఆ 200 అయిపోతుంది.