విద్యార్థుల ఇంట్లోకి ఉద్యోగి వస్తే కౌన్సిల్ ట్యాక్స్ ఎవరిది?

ప్రశ్న: నలుగురం మాస్టర్స్ విద్యార్థులం. ఇంగ్లండ్‌లోని కవెంట్రీలో అందరి పేర్లతో ఒకే అగ్రిమెంట్ మీద అద్దెకుంటున్నాం. ఇంతవరకు కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటి మీద స్థానిక కౌన్సిల్ వేసే పన్ను) లేదు. ఒకరు ఖాళీ చేస్తున్నారు. ఆ గదిలోకి జనవరి 1న ఉద్యోగం చేసే స్నేహితుడు వస్తున్నాడు. ట్యాక్స్ మా అందరి మీదా పడుతుందా?

జవాబు: ఇంట్లో ఉన్నవాళ్లంతా ఫుల్ టైమ్ విద్యార్థులైతేనే పూర్తి మినహాయింపు. ఉద్యోగి దిగిన రోజు నుంచే అది పోతుంది. అలాగని బిల్లు మొత్తం రాదు. విద్యార్థులను లెక్కలోంచి తీసేస్తారు కాబట్టి పెద్దవాళ్లలో ఒక్కరే మిగులుతారు, 25 శాతం తగ్గుతుంది. ఉద్యోగులు ఇద్దరైతే ఆ తగ్గింపూ ఉండదు. మీ ఇంటికి ఏడాదికి 2,000 పౌండ్లు అనుకుంటే 1,500 కట్టాలి. లెక్క రోజుల చొప్పున కాబట్టి జనవరి 1 నుంచి మార్చి 31 దాకా సుమారు 370 పౌండ్లు.

అసలు చిక్కు ఎవరు కట్టాలన్న దగ్గరే. జీతం ఉన్నవాడిదే భారం అనుకుంటారు చాలామంది. చట్టం చూసేది జీతం కాదు, ఆ ఇంటి మీద ఎవరి హక్కు పైమెట్టున ఉందని. అగ్రిమెంట్‌లో పేరున్న అద్దెదారు ముందు, పేరు లేకుండా ఉంటున్నవాడు తరువాత. ల్యాండ్‌లార్డ్ ఒప్పుకోలుతో మీ స్నేహితుడి పేరు కూడా మీతో సమానంగా అగ్రిమెంట్‌లోకి ఎక్కితే బిల్లు పూర్తిగా అతనిదే. ఒకే మెట్టు మీద ఉద్యోగీ విద్యార్థులూ ఉంటే, 2004 ఏప్రిల్ నుంచి విద్యార్థులకు ఉమ్మడి బాధ్యత లేదు. అలా కాక పేరు ఎక్కించకుండా అతని దగ్గర అద్దె మీరే వసూలు చేసుకుంటే బిల్లు మీ ముగ్గురి పేరిట వస్తుంది. అప్పుడు మేం విద్యార్థులమంటే కౌన్సిల్ వినదు. ఇంట్లో చేర్చుకునే ముందే కాగితం సరిచేసుకోమనేది అందుకే.

గదికొక అగ్రిమెంట్ చొప్పున ఉంటే కథ వేరు. అక్కడ కౌన్సిల్‌కు జవాబుదారీ ఇంటి యజమానే. అయితే ఆ డబ్బు మీ దగ్గర రాబట్టుకునే షరతు అగ్రిమెంట్‌లో ఉందేమో చదవండి.

మార్పు జరిగిన 21 రోజుల్లోగా కౌన్సిల్‌కు చెప్పాలి. చెప్పకపోతే 70 పౌండ్ల జరిమానా వేయవచ్చు, పాత తేదీ నుంచి బిల్లు ఎలాగూ వస్తుంది. మీ ముగ్గురి యూనివర్సిటీ స్టూడెంట్ లెటర్లు జతచేయండి. అవి లేకపోతే మీరూ పెద్దల లెక్కలోకి వచ్చి 25 శాతం పోతుంది. మీలో మీరు ఎంతెంత వేసుకోవాలన్నది చట్టం పట్టించుకోదు. మాట అనుకుని వాట్సాప్‌లోనైనా రాసి పెట్టుకోండి.

ప్రశ్న: నేను పీహెచ్‌డీ చేస్తున్నాను. డిపెండెంట్ వీసా మీద నా భార్య వస్తోంది. ఆమె విద్యార్థి కాదు కదా, ట్యాక్స్ మొదలవుతుందా?

జవాబు: మొదలవదు. విద్యార్థి భార్య లేదా భర్త బ్రిటిష్ పౌరులు కాకుండా, ఉద్యోగం చేయకూడదనో ప్రభుత్వ భృతులు తీసుకోకూడదనో వీసా షరతు ఉంటే వారినీ లెక్కలోంచి తీసేస్తారు. రెంటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలు. కాబట్టి ఆమెకు పని చేసే అనుమతి ఉన్నా పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వ భృతులు) లేవన్న షరతు సరిపోతుంది. ఆ షరతు కనిపించే ఈ-వీసా (ఆన్‌లైన్ వీసా) పేజీని, పెళ్లి సర్టిఫికెట్‌ను పంపండి. కౌన్సిల్ కాదంటే ముందు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పండి. తిరస్కరించినా, రెండు నెలల్లో జవాబు రాకపోయినా ఇలాంటి తగాదాలు వినే వాల్యుయేషన్ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఫీజు లేదు.

ప్రశ్న: కోర్సు సెప్టెంబర్‌లో అయిపోయింది. స్టూడెంట్ వీసా జనవరి దాకా ఉంది. అప్పటిదాకా మినహాయింపు ఉంటుందా?

జవాబు: ఉండదు. చూసేది వీసా గడువూ కాదు, కాన్వొకేషన్ తేదీ కూడా కాదు. యూనివర్సిటీ రికార్డుల్లో ఉన్న కోర్సు ఆఖరి రోజు. మర్నాటి నుంచి మీరు విద్యార్థి కారు. 25 శాతం తగ్గింపు వర్తిస్తే నిస్సంకోచంగా తీసుకోండి, అది పబ్లిక్ ఫండ్స్ కిందికి రాదు. ఆదాయం తక్కువని ఇచ్చే కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్ మాత్రం పబ్లిక్ ఫండ్స్ కిందికే వస్తుంది. ఆ దరఖాస్తు జోలికి పోవద్దు.