కార్లకు ఆంప్లిఫయర్లు బిగిస్తానంటున్న అబ్బాయిని ఏ చదువులో చేర్పించాలి?

ప్రశ్న: మాది గాజువాక. మా అబ్బాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు. ఈఏపీసెట్‌లో చెప్పుకోదగ్గ ర్యాంకు రాలేదు. రెండు నెలలుగా ఆటోనగర్ వైపు ఒక కారు యాక్సెసరీల షాపుకి సాయానికి వెళ్తున్నాడు. దాచుకున్న డబ్బుతో సబ్ వూఫర్ (బేస్ శబ్దాలకి వాడే పెద్ద స్పీకరు), "3000 వాట్లు" అని రాసి ఉన్న సెకండ్ హ్యాండ్ ఆంప్లిఫయర్ కొని మా తమ్ముడి కారుకి బిగించాడు. పది నిమిషాలు మోగి, ఎర్ర లైటు వెలిగి ఆగిపోతోంది. అయినా ఇదే నా పని అంటున్నాడు. వాళ్ల నాన్న ఎలాగైనా బీటెక్ చదివించాలంటున్నారు. ఇంట్లో రోజూ టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, చదువు సంగతికి వస్తాను. ముందు మీ తమ్ముడికి ఫోన్ చేసి, బ్యాటరీ దగ్గర ఆంప్లిఫయర్‌కి వెళ్లే వైరు మీద ఫ్యూజు ఉందో లేదో చూడమనండి. లేకపోతే ఆ వైరు ఈరోజే విప్పించండి. కొన్నేళ్ల క్రితం ఒక షాపులో నా కారుకి ఆంప్ పెట్టించుకున్నాను. ఆంప్ మీదే ఫ్యూజు ఉంది కదా, బ్యాటరీ దగ్గర ఇంకొకటి దండగ అన్నారు. నమ్మాను. ఆనందపురం దాటాక కాలిన వాసన వచ్చింది. బానెట్ నుంచి లోపలికి వైరు వచ్చే రంధ్రంలో రబ్బరు బుష్ వేయలేదు. రేకు అంచుకి వైరు ఒరుసుకుని తోలు ఊడింది. వెనక సీట్లో పిల్లలున్నారు. ఆంప్ మీది ఫ్యూజు ఆంప్‌ని కాపాడుతుంది. దారిలో వైరు రేకుకి తగిలితే దాన్ని కాపాడేది బ్యాటరీ దగ్గరి ఫ్యూజే. అది బ్యాటరీకి 45 సెంటీమీటర్లలోపు ఉండాలి.

ఇక మీవాడి సంగతి. ఈ పని మీద వాడికున్నది మోజో, ఆసక్తో తేల్చడానికి ఆ ఎర్ర లైటే మనకి మంచి పరీక్ష. అది ఎందుకు వెలుగుతోందో వాడిచేత కాగితం మీద లెక్క కట్టించండి.

బాక్సు మీద 3000 అని ఉన్నా, ఆంప్ వెనక ఉన్న ఫ్యూజు ఎన్ని ఆంపియర్లదో చూడమనండి. 30 ఆంపియర్లే ఉందనుకుందాం. బండి నడుస్తున్నప్పుడు వోల్టేజి సుమారు 13.8 వోల్టులు. 30ని 13.8తో గుణిస్తే 414 వాట్లు. అది లోపలికి వెళ్లేది. క్లాస్ డి రకం ఆంప్ అందులో ఎంతో కొంత వేడికి పోగొట్టి 80 శాతం బయటికి ఇస్తుందనుకున్నా 330 వాట్లు. పాత క్లాస్ ఏబీ రకమైతే ఇంకా తక్కువ. కాబట్టి కొనేటప్పుడు చూడాల్సింది బాక్సు మీది పెద్ద అంకె కాదు, ఆర్‌ఎంఎస్ అని రాసే అంకె, అంటే ఆగకుండా ఇవ్వగల నిజమైన పవర్. సబ్ వూఫర్ ఆర్‌ఎంఎస్, ఆంప్ ఆర్‌ఎంఎస్ దగ్గర దగ్గరగా ఉండాలి. ఇది ఇంటర్ ఫిజిక్స్‌లో మీవాడు చదివిన లెక్కే.

రెండోది ఓమ్‌ల సంగతి, అంటే స్పీకరు కరెంటుకి ఎంత అడ్డు పడుతుందన్నది. మీవాడి తప్పు ఇక్కడే జరిగి ఉంటుందని నా అనుమానం. చాలా సబ్‌లకి రెండు కాయిల్స్ (తీగ చుట్లు) ఉంటాయి, ఒక్కోటి 4 ఓమ్‌లు. రెండింటినీ ప్యారలల్‌గా కలిపితే 2 ఓమ్‌లు, సిరీస్‌లో కలిపితే 8. రెండు ఛానెళ్లను బ్రిడ్జ్ చేసి, అంటే ఒకటిగా కలిపి వాడే ఆంప్‌లు చాలావరకు 4 ఓమ్‌ల కంటే దిగువ లోడ్ తట్టుకోలేవు. 2 ఓమ్‌లు తగిలిస్తే ఎక్కువ కరెంటు లాగి, వేడెక్కి, తనని తాను కాపాడుకోవడానికి ఆగిపోతాయి. పది నిమిషాలు మోగి ఆగడం సరిగ్గా ఆ లక్షణమే. సిరీస్‌లో మారిస్తే ఆగదు గానీ 4 ఓమ్‌ల మీద ఇచ్చే పవర్‌లో ఇంచుమించు సగమే వస్తుంది. అందుకే ముందు సబ్ ఎంచుకుని, దాని కాయిల్స్ ఎలా కలపొచ్చో చూసుకుని, ఆ లోడ్‌కి తగిన మోనో (ఒకే ఛానెల్) ఆంప్ కొనాలి. కుర్రాళ్లు తిరగేసి చేస్తారు, ముందు ఆంప్ కొంటారు.

వైరు మందం కూడా వాడే లెక్క కట్టాలి. 400 వాట్ల ఆర్‌ఎంఎస్ ఆంప్‌కి, పైన చెప్పిన 80 శాతం లెక్కనే, సుమారు 36 ఆంపియర్లు కావాలి. బ్యాటరీ నుంచి డిక్కీకి 5 మీటర్లనుకుంటే, ఇంట్లో వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే ఒకటింపావు వోల్టు దారిలోనే పోతుంది. పోయిందంతా వైరులో వేడవుతుంది. 4 గేజ్ రాగి వైరు, అంటే సుమారు 21 చదరపు మిల్లీమీటర్లది వేస్తే నష్టం 0.15 వోల్టు. చవగ్గా దొరికే కిట్లలో చాలావరకు రాగి పూత వేసిన అల్యూమినియం వైరే ఉంటుంది. బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనిపిస్తుంది. అది వాడాల్సి వస్తే ఒక సైజు పైది వేయాలి.

మన విశాఖలో ఎర్త్ గురించి, అంటే ఆంప్ నుంచి బండి రేకుకి బిగించే నెగెటివ్ వైరు గురించి మరీ గట్టిగా చెప్పాలి. పెయింటు గీకి, మెరిసే రేకు మీద థింబుల్ (వైరు చివరి లోహపు రింగు) బిగించి, వైరు అర మీటరు లోపే ఉంచాలి. ఇక్కడితో ఆపితే సముద్రపు ఉప్పుగాలికి కొన్నాళ్లకే ఆ గీకిన చోట తుప్పు పడుతుంది, పాటలో గుయ్‌మనే శబ్దం మొదలవుతుంది. బిగించాక దానిమీద గ్రీజో పెయింటో పూయాలి. బీచ్ రోడ్డు మీద రోజూ తిరిగే బండికైతే తప్పనిసరి.

ఇవన్నీ మీవాడు తనంతట తాను లెక్క కట్టి, మల్టీమీటర్ పెట్టి సరిచేసుకుంటే వాడిని ఆపకండి. లెక్కలంటేనే విసుక్కుంటే అది మోజు. అప్పుడు వేరే దారి మాట్లాడదాం.

వాళ్ల నాన్నగారికి నా మాటగా చెప్పండి. ర్యాంకు లేకుండా ఏదో ఒక కాలేజీలో ఫీజు కట్టి బీటెక్ చేయించడం నాకు ఇష్టం లేదు. అలాగని వాణ్ణి షాపులోనే వదిలేయమనీ చెప్పను. కార్లలో మ్యూజిక్ సిస్టమ్‌లు కంపెనీ నుంచే డ్యాష్‌బోర్డుతో కలిసిపోయి వస్తున్నాయి. స్పీకర్లు మార్చడం ఒక్కటే తెలిసినవాడికి పని తగ్గుతుంది. బండి కరెంటు మొత్తం తెలిసినవాడికి పెరుగుతుంది. ఎలక్ట్రిక్ కార్లో కూడా ఆంప్‌కి 12 వోల్టుల లైనే ఉంటుంది గానీ, పక్కనే నారింజ రంగు తోలుతో వందల వోల్టుల కేబుళ్లు పోతుంటాయి. శిక్షణ లేకుండా వాటి జోలికి పోకూడదు.

నేనైతే కంచరపాలెం ప్రభుత్వ ఐటీఐలో అడ్మిషన్ల గురించి కనుక్కోమంటాను. ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడ్ రెండేళ్లు. అది దొరక్కపోతే ఎలక్ట్రీషియన్. ఐటీఐ అయ్యాక నావల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూలు నోటిఫికేషన్ కోసం చూడొచ్చు, ఈ ట్రేడ్‌ల వాళ్లని తీసుకుంటారు. బీటెక్ మీద నాన్నగారి ఆశ అంత గట్టిదైతే పాలీసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా, తర్వాత ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు. ఏళ్లు ఎక్కువ పడతాయి, కానీ అప్పటికి చేతిలో పని ఉంటుంది. షాపు మాన్పించొద్దు, సెలవురోజుల్లో వెళ్లనివ్వండి.

మీవాడు లెక్క కట్టిన కాగితం ఫోటో తీసి నాకు పంపమనండి. సబ్ మీద, ఆంప్ మీద ఉన్న స్టిక్కర్ల ఫోటోలు కూడా. అవి చూసి ఏ ట్రేడ్ అన్నది వాడితోనే మాట్లాడతాను. మళ్లీ వైర్లు ముట్టుకునే ముందు మాత్రం బ్యాటరీ నెగెటివ్ విప్పమని చెప్పండి.