26 అంగుళాల సైకిల్ టైరు 26 అంగుళాల రిమ్ముకే ఎందుకు ఎక్కడం లేదు?

అంగుళాల లెక్కను నమ్మకండి, అది టైరు బయటి వ్యాసానికి పాతకాలపు ఉజ్జాయింపు. టైరు పక్కన 37-590, 50-559 లాంటి అంకెలు అచ్చువేసి ఉంటాయి, అవి చూడండి. మొదటిది వెడల్పు. రెండోది రిమ్ము మీద టైరు అంచు కూర్చునే చోట వ్యాసం. రెండూ మిల్లీమీటర్లే. 26×1⅜కు అది 590, మౌంటెన్ బైకుల 26×1.95కు 559. పేరు ఒకటే, తేడా 31 మిల్లీమీటర్లు! అంచులోని తీగ సాగదు, అందుకే 559 టైరు 590 రిమ్ముకు ఎంత బలవంతం చేసినా ఎక్కదు. మన పాత నల్ల సైకిళ్ల 28×1½ అయితే 635.

రెండో అంకె అచ్చంగా కలవాల్సిందే. వెడల్పు కాస్త అటూ ఇటూ అయినా ఫోర్కుకు రాసుకోకపోతే చాలు. ట్యూబుకు ఇంత పట్టింపు లేదు, రబ్బరు కదా, సాగుతుంది. కానీ వాల్వు చూసి కొనండి: కార్లకుండే లావు వాల్వు సన్న వాల్వుకు చేసిన రిమ్ము రంధ్రంలో దూరదు.