రోహిణి కార్తెలో మంచు

చిన్నీకి పెద్దమ్మ దీవెనలు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఒకే ఊరిని నాలుగు కాలాల్లోనూ చూస్తానని ఏడాదిలో నాలుగుసార్లు స్విట్జర్లాండ్ కొండల్లోని గ్రిండెల్‌వాల్డ్ వెళ్తున్నావట. మొదటిసారి మే నెలాఖరున, అదీ అమ్మని వెంటబెట్టుకుని. జ్యూరిక్‌లో ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, అప్పుడే అమ్మకి టికెట్ కొన్నావు. గర్వంగా అనిపించిందే. ఆ తర్వాత మాత్రం తెల్లారేదాకా నిద్ర పట్టలేదు.

మీ అమ్మ లెక్క నాకు తెలుసు. రాజమండ్రిలో రోహిణి కార్తెకి రోళ్లు పగిలే ఎండలు. వాటిని తప్పించుకుని చల్లటి కొండల్లో పదిహేను రోజులు గడిపి రావాలని. కానీ ఆ కొండలకి మన కార్తెలు తెలియవు. ఊరు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి మే నెలలో గడ్డి పచ్చగా, పూలతో ఉంటుంది. తలెత్తి చూస్తే రెండు వేల మీటర్ల పైన ఇంకా చలికాలమే. పైగా స్కీయింగ్ జనం వెళ్లిపోయి వేసవి జనం ఇంకా రాని రోజులు చూసుకుని కేబుల్ కార్లు కొన్ని మరమ్మతులకి ఆపేస్తారు, హోటళ్లు కూడా కొన్ని మూసేస్తారు. నవంబరులోనూ అంతే. ఏది ఎప్పుడు తెరుస్తారో చూసుకోకుండా గది బుక్ చేయకు.

రైలు టికెట్లు సగం ధరకి వచ్చే హాఫ్ ఫేర్ కార్డు తీసుకో. ఆదివారం దుకాణాలుండవు, సరుకులు శనివారమే కొనుక్కో. హెలికాప్టర్‌లో వచ్చి కాపాడే రేగా వాళ్ల నంబరు 1414, ఫోన్‌లో పెట్టుకో. నడక దారిలో పసుపు బోర్డులుంటే మీ అమ్మ నడవచ్చు. తెలుపు-ఎరుపు-తెలుపు గీతలుంటే కొండ దారి, నువ్వు నడువు. తెలుపు-నీలం-తెలుపు కనబడితే ఇద్దరూ వెనక్కి తిరగండి. బోర్డు మీద రాసే గంటల్లో ఆగి మంచినీళ్లు తాగే టైము కలపరు. మీ అమ్మతో అయితే దాన్ని రెండింతలు చేసుకో.

ఇక అసలు సంగతి. మీ అమ్మకి కూడా ఇది పూర్తిగా చెప్పలేదు.

1997 జూన్ రెండో వారం. మీ పెదనాన్న అప్పుడు బాసెల్‌లో పనిచేసేవారు. ఆ రోజుల్లో మన సినిమాల్లో హీరోయిన్లు పల్చటి చీరలు కట్టుకుని మంచులో పాడుతుంటే, నాకూ అలాంటి ఫోటో ఒకటి కావాలని పిచ్చి పట్టింది. గ్రిండెల్‌వాల్డ్ నుంచి ఫస్ట్ అనే చోటికి కేబుల్ కారులో వెళ్లి, అక్కణ్ణుంచి గంట నడిస్తే బాఖాల్ప్‌జే అని ఒక చెరువు. నేను నెమలికంఠం రంగు ధర్మవరం చీర కట్టుకుని, పైన స్వెట్టరు వేసి, కాళ్లకి కాన్వాస్ బూట్లు తొడిగాను. రాస్తుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

చెరువు సగం ఇంకా గడ్డకట్టే ఉంది. అది దాటాక ఫౌల్‌హార్న్ శిఖరం వైపు దారి ఎక్కుతుంది. ఆ దారికి అడ్డంగా అక్కడక్కడా పాత మంచు పరుచుకుని ఉంది. దాని మీద ఎవరివో అడుగులు కనబడ్డాయి. వాళ్లు వెళ్లినప్పుడు మనం వెళ్లలేమా అనుకున్నాం. పాత మంచు పొద్దున గాజులా గట్టిగా ఉంటుంది, మధ్యాహ్నానికి నీరు పట్టి సబ్బులా అవుతుంది, అడుగున ఊట పారుతుంటే లోపలంతా డొల్ల. ఇదంతా ఆ తర్వాత తెలిసింది.

నేను మంచు మధ్యలో నిలబడి కొంగు గాలికి వదిలాను. ఆయన కెమెరా కంటికి పెట్టుకుని "వెనకాల కొండ పూర్తిగా రావట్లేదు" అన్నారు. "ఇంకొంచెం వెనక్కి జరగండి" అన్నాను. జరిగారు. "ఇంకొంచెం." మళ్లీ జరిగారు. మూడోసారి అనడం గుర్తుంది. తర్వాత గుర్తున్నది ఆయన అక్కడ లేకపోవడమే.

అరవను కూడా లేదు చిన్నీ. ముప్ఫై నలభై మీటర్లు జారి, మంచు అయిపోయిన చోట రాళ్ల మధ్య ఆగారు. ఎడమ మణికట్టు విరిగింది. నాకు కాళ్లు ఆడలేదు. కిందికి చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. ఎంతసేపలా నిలబడ్డానో తెలీదు, డెబ్బై ఏళ్ల ముసలావిడ ఒకావిడ రెండు చేతికర్రలతో దిగి వచ్చింది. నా చీర చూసింది, బూట్లు చూసింది, వాళ్ల భాషలో తిట్టడం మొదలుపెట్టింది. తిడుతూనే బూటు మడమతో మంచులో ఒక్కో మెట్టూ కొట్టి, అందులో నా పాదం పెట్టించి గట్టుకి చేర్చింది. తర్వాత ఆయన దగ్గరికి దిగి తన స్కార్ఫుతో చెయ్యి కట్టింది. మమ్మల్ని కేబుల్ కారుదాకా నడిపించింది, ఒక్కసారీ నవ్వలేదు. వెళ్లేముందు మాత్రం నా చెంప మీద తట్టింది. అప్పుడు ఏడ్చాను.

ముసురు పట్టిన రోజు ఆయనకి ఆ మణికట్టు ఇప్పటికీ సలుపుతుంది. "కాస్త జరగండి" అంటే మంచం మీద కూడా జరగరు, పైగా నవ్వుతారు. నాకు నవ్వు రాదు.

కాబట్టి మేలో మీ అమ్మని పైకి తీసుకెళ్లావో, ఊరుకునేది లేదు. ఎవరి అడుగులూ నమ్మకు. వెళ్లే రోజు ఉదయం ఇంటర్నెట్‌లో అక్కడి వెబ్ కెమెరాలో పైన దారి ఎలా ఉందో చూడు, టూరిస్ట్ ఆఫీసులో అడుగు. మే అంతా దండగ కాదులే. పక్కనే లౌటర్‌బ్రునెన్ లోయలో కింద చదునైన దారిలో నడిపించు. మంచు కరిగే రోజులు కదా, స్టౌబాఖ్ జలపాతం మూడు వందల మీటర్ల నుంచి నిండుగా పడుతుంటుంది. కిందకి వచ్చేసరికి సగం నీళ్లు గాలిలో తుంపరలైపోతాయి. మీ అమ్మకి అది చాలు.

జులైలో పైకి వెళ్లు. ఆవులన్నీ పైనే ఉంటాయి. పక్కన దూడ ఉంటే మాత్రం ఆవుకి దూరంగా చుట్టు తిరిగి పో, ముద్దొస్తోందని దూడని తాకకు. చలికాలమంతా తన సొంత గడ్డితో ఎన్ని ఆవుల్ని మేపగలడో అన్నిటినే రైతు వేసవిలో ఉమ్మడి బీడుకి తోలాలని అక్కడి పాత ఊళ్లలో కట్టుబాటు. మీ తాతయ్య కూడా వామి చూసుకునే గేదెని కొనేవారు. ఆ సంగతి తెలిశాక ఆ కొండలు నాకు పరాయివిగా అనిపించలేదు. మధ్యాహ్నం ఉరుములొస్తాయి, రెండింటికల్లా దిగిపో.

అక్టోబరు ప్రయాణం సెప్టెంబరుకి మార్చుకోలేవా? ఆవులు తలల మీద పూలతో, పెద్ద గంటలతో దిగేది అప్పుడే. తూన్ సరస్సు పైన యుస్టిస్‌టాల్‌లో వేసవంతా చేసిన చీజ్‌ని ఎవరి ఆవులు ఎన్ని పాలిచ్చాయో లెక్క చూసి పంచుతారు. అసలు మీ అమ్మ టికెట్టే సెప్టెంబరుకి మారిస్తే నాకు బెంగ తీరుతుంది. భోజనానికి ఆల్ప్లర్‌మాగ్రొనెన్ తెప్పించు, బంగాళాదుంపలు, మాకరోనీ, చీజ్ కలిపి చేస్తారు. పంది మాంసం లేకుండా అని ముందే చెప్పు. పక్కన ఆపిల్ గుజ్జు పెడతారు. నీ బ్యాగులో ఆవకాయ ఎలాగూ ఉంటుంది.

ఫ్యోన్ అనే వెచ్చటి గాలి వీచిన రోజు తల నొప్పి పుడితే కంగారు పడకు. కొండలు చేతికందేంత దగ్గరగా కనబడతాయి. అలా కనబడ్డాయని బయల్దేరకు, వాతావరణం మారబోతోందని అర్థం. 1891లో మైరింగెన్ ఊరు ఆ గాలికి మంటలు చెలరేగే తగలబడిపోయింది.

జనవరిలో గులాబీ రంగు బోర్డులున్న దారుల్లోనే నడువు, మంచు చరియల హెచ్చరిక రోజూ చదువు. ఇంతకంటే రాయలేను. చలికాలంలో నేనెప్పుడూ ఆ పైకి వెళ్లలేదు.

అన్నట్టు ఆ రోజు ఫోటో వచ్చింది. సగం ఆకాశం, మూల నుంచి నా కొంగు. బీరువాలో ఉంది, నువ్వొచ్చినప్పుడు చూపిస్తాను. మోకాళ్లు నొప్పిగా లేవని మీ అమ్మ అంటే నమ్మకు. కిందికి దిగాక ఎంత రాత్రయినా సరే, ఒక మిస్డ్ కాల్ ఇవ్వు. మేలుకునే ఉంటాను.

మీ పెద్దమ్మ