పాత టర్బో డీజిల్ ట్రక్కుకు ఇంటర్‌కూలర్ బిగిస్తే పవర్ పెరుగుతుందా?

ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే రేడియేటర్ లాంటి భాగం) ఒక్కటే బిగిస్తే పవర్ పెద్దగా పెరగదు, ఇంజిన్‌లో వేడి తగ్గుతుంది. టర్బో గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపేటప్పుడు ఆ గాలి కాగిపోతుంది: 30 డిగ్రీల గాలి ఒక బార్ బూస్ట్ (టర్బో ఇచ్చే అదనపు గాలి ఒత్తిడి) దగ్గర 100 దాటేస్తుంది. చల్లబరిస్తే అదే సిలిండర్‌లో ఎక్కువ గాలి పడుతుంది, లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు ఎగ్జాస్ట్ వేడి అదుపులో ఉంటుంది. కానీ డీజిల్ ఇంజిన్‌కి పవర్ ఇచ్చేది ఇంధనం. డీజిల్ పంపు సెట్టింగ్ మార్చి ఇంధనం పెంచకపోతే అదనపు గాలి ఊరికే పోతుంది.

అమెరికాలో 1989లో వచ్చిన కమిన్స్ ఇంజిన్ డాడ్జ్ ట్రక్కుకు ఇంటర్‌కూలర్ లేదు. 1991లో కంపెనీయే పెట్టింది, పవర్ మాత్రం అదే 160 హార్స్‌పవర్.

బిగించాక బూస్ట్ గేజ్ కాస్త తగ్గితే లీకేజీ అని చాలామంది టెన్షన్ పడతారు. అది మామూలే. బాగా పడిపోతేనే గాలి పైపుల హోస్ క్లాంపులు చూడాలి.