పాత డబుల్ గ్లేజ్డ్ కిటికీలు: మొత్తం మార్చాలా, అద్దాలు మారిస్తే చాలా?

కూకట్‌పల్లి ఫ్లాట్‌లో పాత డబుల్ గ్లేజ్డ్ కిటికీల (మధ్యలో ఖాళీ వదిలి రెండు అద్దాలు బిగించినవి) అద్దాల మధ్య మసక పట్టింది, అన్నీ మార్చేయాలా అని ఒకరు అడిగారు. తొందరపడకండి. అంచు సీలు పాడై తేమ లోపలికి చేరితే అలా అవుతుంది, ఎంత తుడిచినా పోదు. యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) ఫ్రేము వంకర పోకుండా, రెక్క సాఫీగా మూసుకుంటుంటే అద్దాల యూనిట్ ఒక్కటే కొత్తది వేయించండి. ఖర్చు బాగా తగ్గుతుంది. అరిగిన రబ్బరు గాస్కెట్లు, రోలర్లు కూడా అప్పుడే మార్పించండి.

పడమటి కిటికీకి మాత్రం ఎండ వేడిని తగ్గించే సోలార్ కంట్రోల్ అద్దమే అడగండి. మన మే నెల ఎండకు మామూలు డబుల్ గ్లేజింగ్ చాలదు. రోడ్డు మోత బాధ ఉంటే ఒకవైపు లామినేటెడ్ అద్దం (మధ్యలో ప్లాస్టిక్ పొర పెట్టి అతికించినది) మేలు.

చదరపు అడుగు ధర ఒక్కటే చూసి ఒప్పుకోకండి. అద్దాల మందం, మధ్య ఖాళీ (6-12-6 మి.మీ. అన్నట్టు, అంటే అద్దం-ఖాళీ-అద్దం), పాతవి తీసే కూలి, జీఎస్టీ, సీలు వారంటీ అన్నీ కొటేషన్‌లో రాసిమ్మనండి.